గిలెటిన్ కింద రక్షణ పద్దు

ఖటోదరా (సూరత్): 2023 మార్చి 23న దేశమంతా సూరత్ వైపు చూసింది. పరువు నష్టం కేసులో ఇక్కడి చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్ కోర్టు రాహుల్ గాంధీకి రెండేళ్ల జైలుశిక్ష విధించింది. మర్నాడే ఆయన లోక్‌సభ సభ్యత్వం పోయింది. టీవీ చానళ్లకు వారం రోజులకు సరిపడా సరుకు దొరికింది. అదే రోజు సాయంత్రం ఢిల్లీలో మరొకటి జరిగింది. ఒక్క మంత్రిత్వ శాఖ పద్దుపైనా చర్చ లేకుండా, నినాదాల హోరులోనే, సుమారు 45 లక్షల కోట్ల రూపాయల కేంద్ర వ్యయానికి లోక్‌సభ నిమిషాల్లో ఆమోదముద్ర వేసింది. అందులో రక్షణ శాఖ వాటా 5.94 లక్షల కోట్లు. సూరత్ తీర్పు మీద వచ్చిన వ్యాసాలు లెక్కపెట్టలేనన్ని. ఆ 5.94 లక్షల కోట్ల గురించి సభలో ఎవరూ ఏమీ అడగలేదని మాత్రం ఎవరికీ పట్టలేదు.

సభ జరగకపోవడానికి రెండు పక్షాలూ కారణమే. అదానీ వ్యవహారంపై సంయుక్త పార్లమెంటరీ సంఘం వేయాలని ప్రతిపక్షం పట్టుబట్టింది. లండన్‌లో చేసిన వ్యాఖ్యలకు రాహుల్ క్షమాపణ చెప్పాలని అధికార పక్షం పట్టుబట్టింది. ప్రభుత్వాన్ని నడిపే పార్టీ సభ్యులే లేచి నిలబడి సభ సాగనివ్వకపోవడం మనం తరచూ చూసేది కాదు. ఆ బడ్జెట్ సమావేశాల్లో లోక్‌సభ నిర్ణీత సమయంలో మూడో వంతు, రాజ్యసభ నాలుగో వంతుకు కాస్త తక్కువ మాత్రమే పనిచేశాయి.

లోక్‌సభ నియమావళిలో 208వ నిబంధన ఒకటుంది. పద్దులపై చర్చకు కేటాయించిన చివరి రోజున, నిర్ణీత వేళకు, అప్పటిదాకా చర్చకు రాని పద్దులన్నిటినీ స్పీకర్ ఒక్క మూటగా కట్టి ఓటుకు పెడతారు. పార్లమెంటు పరిభాషలో దీన్ని గిలెటిన్ అంటారు. ఫ్రెంచి విప్లవంలో తలలు నరికిన యంత్రం పేరు. ఇందులో తప్పేమీ లేదు. వందకు దగ్గరగా ఉండే పద్దులన్నిటినీ కొద్ది రోజుల్లో చర్చించడం అయ్యే పని కాదు. మామూలుగా నాలుగైదు శాఖలను ఎంచుకుని చర్చిస్తారు, మిగిలినవి గిలెటిన్ కిందికి వెళ్తాయి. అయితే ఆ నాలుగైదు కూడా లేకుండా మొత్తం మూటను కత్తి కిందికి తోసిన సందర్భాలున్నాయి. ఈ శతాబ్దంలో అవి ఏ సంవత్సరాలో చూడండి: 2004-05, 2013-14, 2018-19, 2023-24. మొదటిది సార్వత్రిక ఎన్నికలు ముగిసిన వెంటనే వచ్చిన బడ్జెట్. మిగిలిన మూడూ సార్వత్రిక ఎన్నికలకు ముందు వచ్చిన చివరి పూర్తి బడ్జెట్లు. యూపీఏ పాలనలో ఒకటి, ఎన్డీయే పాలనలో రెండు. కుర్చీలు మారాయి గానీ క్యాలెండర్ మారలేదు.

ఇది కాకతాళీయం కాదు. ఎన్నికలు దగ్గరపడుతున్న కొద్దీ సభలో మాట్లాడి గెలుచుకునేది తక్కువ, సభను ఆపి గెలుచుకునేది ఎక్కువ అని పార్టీలు లెక్కవేసుకుంటాయి. రక్షణ శాఖ మూలధన వ్యయం మీద ఒక సభ్యుడు నలభై నిమిషాలు శ్రమపడి మాట్లాడితే అది ఏ చానల్‌లోనూ రాదు. అదే సభ్యుడు ప్లకార్డు పట్టుకుని వెల్‌లోకి దిగితే సాయంత్రానికి నియోజకవర్గంలో వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరుగుతాడు. దీనికి సభ్యుణ్ని ఒక్కడినే అని ప్రయోజనం లేదు. అతనికి టికెట్ ఇచ్చేవారు చూసేదీ ఆ వీడియోనే.

సాధారణ శాఖల విషయంలో ఈ నష్టం ఎక్కడో ఒకచోట సర్దుకుంటుంది. రోడ్డు వేయకపోతే ఊరు అడుగుతుంది, ఎరువు రాకపోతే రైతు అడుగుతాడు. రక్షణ శాఖ విషయంలో అడిగేవాడు బయట లేడు. సైనికుడు నోరు విప్పకూడదు. సరఫరాదారు నోరు విప్పితే తర్వాతి టెండర్ పోతుంది. పత్రికలకు దొరికేది అరకొర సమాచారం. అడగడానికి రాజ్యాంగం పెట్టిన చోటు ఒకటే, అది పార్లమెంటు. 113వ అధికరణ ప్రకారం ఏ పద్దునైనా ఒప్పుకునే, తిరస్కరించే, తగ్గించే అధికారం లోక్‌సభకు ఉంది. ఆ అధికారం ఉన్నవాళ్లు సరిగ్గా ఆ గంటలోనే వెల్‌లో ఉంటున్నారు.

2013 సంగతి గుర్తుచేసుకుందాం. ఆ ఏడాది ఏప్రిల్ 15న తూర్పు లద్దాఖ్‌లోని దెప్సాంగ్‌లో చైనా సైనికులు మన భూభాగంలోకి వచ్చి గుడారాలు వేశారు. మే 5 దాకా, అంటే మూడు వారాలు, అక్కడే ఉన్నారు. బొగ్గు గనుల కేటాయింపుల రగడలో పార్లమెంటు స్తంభించిపోయి ఉంది. ఏప్రిల్ నెలాఖరులో, ఆ గుడారాలు ఇంకా దెప్సాంగ్‌లో ఉండగానే, 2,03,672 కోట్ల రక్షణ కేటాయింపు సహా మొత్తం బడ్జెట్ చర్చ లేకుండా గట్టెక్కింది. అప్పటి ప్రధాన ప్రతిపక్షం వాకౌట్ చేసి బిల్లుకు దారి ఇచ్చింది. సభను ఆపడం కూడా ప్రజాస్వామ్యంలో భాగమేనని అంతకు ముందు ఏడాదే ఆ పార్టీ నాయకులు సిద్ధాంతం చెప్పి ఉన్నారు. ఇవాళ అధికారంలో ఉన్నదీ వాళ్లే, అవే మాటలు ప్రతిపక్షం నోట వింటున్నదీ వాళ్లే.

ఆ జూలైలో చైనా సరిహద్దు కోసం ప్రత్యేకంగా పర్వత దాడి దళాన్ని నెలకొల్పాలని మంత్రివర్గ భద్రతా వ్యవహారాల సంఘం నిర్ణయించింది. అంచనా వ్యయం దాదాపు 64 వేల కోట్లు. ఆ డబ్బు ఏ ఏడాది ఎంత, ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు పద్దుల చర్చలో జవాబు రావాలి. రాలేదు. తర్వాతి ఏళ్లలో ఆ దళం నిర్మాణం నిధుల కొరతతో సగంలో ఆగింది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో 20 మంది సైనికులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారి కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆగిన దళానికీ, గల్వాన్‌కూ నేరుగా ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు, యుద్ధభూమిలో కారణాలు అంత సులువుగా తెగవు. 2013లో అడగాల్సిన ప్రశ్నను 2020లో అడగాల్సి రావడం మాత్రం వాస్తవం.

సభాస్తంభన విషయంలో మనకు, అంటే తెలుగువాళ్లకు, పాఠాలు చెప్పే అర్హత అంతగా లేదు. 2014 ఫిబ్రవరి 13న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు ప్రవేశపెడుతుండగా లోక్‌సభలో మిరియాల స్ప్రే కొట్టింది తెలుగు సభ్యుడే. 18న తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సభలో మూజువాణి ఓటుతో ఆ బిల్లు నెగ్గింది. రాష్ట్రం విడిపోయిన తీరు మీద రెండు ప్రాంతాలకూ ఇప్పటికీ రెండు కథలున్నాయి, ఆ జోలికి ఇక్కడ వెళ్లను. వీటి మధ్యలో, 17న, ఆర్థికమంత్రి చిదంబరం మధ్యంతర బడ్జెట్ చదివారు. తెలంగాణ, సమైక్యాంధ్ర నినాదాల మధ్యే ఆయన మాజీ సైనికుల చిరకాల కోరిక అయిన ‘ఒకే ర్యాంకు - ఒకే పెన్షన్’ను ప్రకటించి, దానికి 500 కోట్లు కేటాయించారు.

ఆ 500 కోట్ల లెక్క ఎలా వచ్చింది? ఎన్ని లక్షల మంది పెన్షనర్లకు? ఏ తేదీ నుంచి? ఎన్నేళ్లకోసారి సవరిస్తారు? ప్రశాంతంగా ఉన్న సభలో ఇద్దరు ముగ్గురు సభ్యులు అడిగి ఉంటే చాలు, ఆ అంకె నిలబడేది కాదు. మారిన ప్రభుత్వం 2014 జూలైలో దానికి మరో వెయ్యి కోట్లు చేర్చింది. అదీ చాలలేదు. 2015 వేసవిలో మాజీ సైనికులు పతకాలు గుండెకు తగిలించుకుని జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నారు. చివరికి ఆ సెప్టెంబరులో రక్షణమంత్రి మనోహర్ పారికర్ పథకం వివరాలు ప్రకటించినప్పుడు తేలిన వార్షిక భారం 8 వేల నుంచి 10 వేల కోట్లు. బకాయిలు వేరే. 500 కోట్లకూ 8 వేల కోట్లకూ మధ్య ఉన్న దూరమే ఆ రోజు సభలో జరగని చర్చ విలువ. ఎన్నికల ముందు ప్రకటన చేసిన వాళ్లకు ఆ దూరం అవసరం లేదు, ఎన్నికల తర్వాత ఢిల్లీ ఎండలో కూర్చున్న వాళ్లకు అవసరమైంది.

ఇక 2018. నా దృష్టిలో మొత్తం కథలో ఇదే అన్నిటికంటే స్పష్టమైన ఘట్టం. తేదీలు వరుసగా చెబుతాను.

మార్చి 13, మంగళవారం. మేజర్ జనరల్ బి.సి. ఖండూరీ అధ్యక్షతన ఉన్న రక్షణ శాఖ స్థాయీ సంఘం తన నివేదికలను పార్లమెంటుకు సమర్పించింది. ఆ సంఘం ముందు సైన్యం ఉపాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ ఇచ్చిన వాంగ్మూలం అందులో ఉంది. సైన్యం దగ్గరున్న ఆయుధ సామగ్రిలో 68 శాతం కాలం చెల్లినది, 24 శాతం ఈ కాలానిది, అత్యాధునికమైనది కేవలం 8 శాతం. ఆధునికీకరణకు ఇచ్చింది 21,338 కోట్లు. అప్పటికే కుదిరిన 125 ఒప్పందాల కింద ఆ ఏడాది చెల్లించాల్సింది 29,033 కోట్లు. బడ్జెట్ తమ ఆశలను వమ్ము చేసిందని ఆయన దాపరికం లేకుండా చెప్పారు. యూనిఫాంలో ఉన్న అధికారి ఇంతకంటే గట్టిగా మాట్లాడటం మన దేశంలో అరుదు.

మార్చి 14, బుధవారం. లోక్‌సభ గిలెటిన్ వేసింది. రక్షణ సహా అన్ని శాఖల పద్దులూ, ద్రవ్య వినిమయ బిల్లూ, ఆర్థిక బిల్లూ సుమారు అరగంటలో అయిపోయాయి. ముందురోజు వచ్చిన నివేదిక ఎవరైనా చదివారో లేదో తెలుసుకునే అవకాశమే లేదు. ఆ ఆర్థిక బిల్లులోనే విదేశీ విరాళాలు తీసుకున్న పార్టీలకు 1976 నాటి నుంచీ వర్తించేలా ఊరటనిచ్చే సవరణ కూడా దూరిపోయింది. దేశ రాజకీయాల్లోకి వచ్చే విదేశీ డబ్బు భద్రతకు సంబంధించిన విషయమే కదా. దాని మీద మాత్రం ఏ పక్షానికీ అభ్యంతరం వచ్చినట్టు లేదు.

వెల్‌లో ఎవరున్నారు? ప్రత్యేక హోదా కోసం తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్. రిజర్వేషన్ల పెంపు కోసం టీఆర్‌ఎస్. కావేరీ బోర్డు కోసం అన్నాడీఎంకే. సూరత్‌లోనూ యూనిట్లు నడిపిన వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీ పారిపోయిన బ్యాంకు కుంభకోణం మీద కాంగ్రెస్, తృణమూల్. మార్చి 16న తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ రెండూ అవిశ్వాస తీర్మానానికి నోటీసులిచ్చాయి. సభ క్రమశిక్షణలో లేనందున మద్దతిచ్చే 50 మంది తలలు లెక్కపెట్టలేకపోతున్నానని స్పీకర్ సుమిత్రా మహాజన్ రోజూ వాయిదా వేశారు. ఒకరి గొడవ మరొకరి తీర్మానానికి అడ్డుపడింది, ఆ అడ్డు ప్రభుత్వానికి రక్షణ కవచమైంది. ఏప్రిల్ 6న సమావేశాలు ముగిశాయి, వైఎస్సార్ కాంగ్రెస్ లోక్‌సభ సభ్యులు అయిదుగురు రాజీనామా చేశారు. అవిశ్వాసం చివరికి జూలై 20న చర్చకు వచ్చి 325-126 తేడాతో వీగిపోయింది. హోదా రాలేదు.

హోదా డిమాండ్ న్యాయమైనదా కాదా అన్నది వేరే సంగతి. సభలో ఇచ్చిన మాట అడగడం ఎంపీల ధర్మం. కానీ సభను ఆపడం వల్ల ఆంధ్రప్రదేశ్‌కు దక్కిందేమిటో నాకు కనిపించదు, పోయింది మాత్రం కనిపిస్తుంది. తూర్పు నౌకాదళ కేంద్రం, హిందుస్థాన్ షిప్‌యార్డు విశాఖలో ఉన్నాయి. క్షిపణి ప్రయోగశాలలు, భారత్ డైనమిక్స్ హైదరాబాద్‌లో ఉన్నాయి. రక్షణ పద్దు మీద దక్షిణాదిలో మొదట లేచి మాట్లాడాల్సిన వాళ్లు తెలుగు సభ్యులే. ఆ రోజు వాళ్లూ అరుస్తున్నారు, వాళ్లను మాట్లాడమని అడిగేవాళ్లూ లేరు. ఇంకో మాట: ఆ సెప్టెంబరులో స్థాయీ సంఘం చైర్మన్‌గా ఖండూరీ స్థానంలోకి కల్‌రాజ్ మిశ్రా వచ్చారు.

29,033 కోట్లు చెల్లించాల్సినచోట 21,338 కోట్లు చేతికిస్తే ఏమవుతుందో సూరత్ వ్యాపారికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఖటోదరా షెడ్లలో మగ్గాలు, ఎంబ్రాయిడరీ యంత్రాలు, లేత్‌లు పగలూ రాత్రీ తిరుగుతాయి. ఇక్కడి నుంచి లింబాయత్, ఉధనా దాకా కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి తరాల క్రితం వచ్చి స్థిరపడిన పద్మశాలీల కుటుంబాలున్నాయి. ఈ నగరంలో బట్టల వ్యాపారమంతా ఉధార్ మీద, అంటే అరువు మీద నడుస్తుంది. సరుకు ఇవాళ వెళ్తుంది, డబ్బు రెండు మూడు నెలలకు వస్తుంది. పాత బాకీ తీర్చకుండా కొత్త ఆర్డర్ ఇవ్వడానికి వచ్చిన వ్యాపారిని ఏ మగ్గం యజమానీ నమ్మడు. సైన్యం పరిస్థితీ అంతే. ఒక్క కొత్త ఒప్పందం కుదుర్చుకోకముందే ఆ ఏడాది 7,695 కోట్లు తక్కువ పడ్డాయి. అలాంటప్పుడు జరిగేవి రెండే: పాత చెల్లింపులు వచ్చే ఏడాదికి జరుగుతాయి, కొత్త కొనుగోళ్లు ఆగుతాయి. తర్వాత సరిహద్దులో ఏదో ఒకటి జరుగుతుంది, ‘అత్యవసర కొనుగోలు’ పేరుతో దొరికిన ధరకు దొరికింది తెచ్చుకుంటాం. 2016లో ఉరీ తర్వాత అలాగే కొన్నాం. గల్వాన్ తర్వాతా అలాగే కొన్నాం. 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా చాలవని కాగ్ 2017లోనే రాసింది. ఆ నివేదిక వచ్చిన తర్వాత వచ్చిన మొదటి బడ్జెట్టే చర్చ లేకుండా పోయినది.

సూరత్‌కు ఈ విషయంతో మరో బంధుత్వం కూడా ఉంది. తాపీ నది సముద్రంలో కలిసే వైపు హజీరాలో ఎల్ అండ్ టీ కర్మాగారం ఉంది. కె9 వజ్ర శతఘ్నులు తయారయ్యేది అక్కడే. 2017లో 100 శతఘ్నులకు ఒప్పందం కుదిరితే 2021 ఫిబ్రవరికల్లా నూరూ అప్పగించారు. మన రక్షణ కొనుగోళ్ల చరిత్రలో గడువులోపు పని ముగియడం ఒక వింత. ఒక్కో శతఘ్నికి 13 వేలకు పైగా రకాల విడిభాగాలు కావాలి, అవి గుజరాత్‌తో పాటు మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడుల్లోని చిన్న పరిశ్రమల నుంచి వస్తాయి. ఎడారి కోసం కొన్న ఈ శతఘ్నులను 2021లో లద్దాఖ్ ఎత్తులకు తీసుకెళ్తే అక్కడా బాగా పనిచేశాయి. మరి ఇంకో నూరు శతఘ్నులకు ఒప్పందం ఎప్పుడు కుదిరింది? 2024 డిసెంబరులో, 7,628 కోట్లకు. పనితనం రుజువయ్యాక మూడేళ్లకు పైగా గడిచాయి. ఆ మధ్య కాలంలో విడిభాగాలు చేసే చిన్న షెడ్డు యంత్రాన్ని ఖాళీగా ఉంచుకోవాలా, వేరే పనికి మార్చుకోవాలా? ఆ మూడేళ్ల నడుమన వచ్చిందే చర్చ లేని 2023 రక్షణ పద్దు. జాప్యానికి సాంకేతిక కారణాలు ఉండవచ్చు, మంచివే కావచ్చు. వాటిని చెప్పాల్సిన రోజు ఒకటి ఉంది, ఆ రోజు సభ నినాదాల హోరులో మునిగి ఉంది.

అమెరికాతో పోల్చి చూస్తే మన రోగం ఏమిటో ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ పార్టీల పంతం డబ్బునూ మనుషులనూ ఆపేస్తుంది. 2023 ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా టామీ ట్యూబర్‌విల్ అనే ఒక్క సెనేటర్, గర్భస్రావాల కోసం ప్రయాణించే సైనికులకు ఖర్చులిచ్చే విధానం నచ్చక, 400 మందికి పైగా సైనికాధికారుల పదోన్నతులను అడ్డుకున్నారు. మెరైన్ దళాధిపతి ఎరిక్ స్మిత్ తన పనితో పాటు ఉపాధిపతి పని కూడా మోస్తూ, ఆ అక్టోబరులో గుండె ఆగి కుప్పకూలారు, తర్వాత కోలుకున్నారు. ఎన్నికల ఏడాది వచ్చేసరికి ఉక్రెయిన్ సాయం చిక్కుకుంది. 2023 అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ అడిగిన నిధులకు ప్రతినిధుల సభ 2024 ఏప్రిల్‌లో గానీ ఒప్పుకోలేదు. ఈలోపు ఫిబ్రవరిలో తూటాల కొరతతో అల్లాడుతున్న ఉక్రెయిన్ సేన అవ్‌దీవ్కా పట్టణాన్ని వదులుకుంది.

మన దగ్గర పంతం దేన్నీ ఆపదు. పద్దు ఆగదు, బిల్లు ఆగదు, జీతాలు ఆగవు. ప్రశ్న మాత్రమే ఆగుతుంది. అందుకే మన ప్రతిష్టంభనను చూసి బయటివాళ్లు భయపడరు. మనమూ భయపడం. వ్యవస్థ నడుస్తూనే ఉన్నట్టు కనిపిస్తుంది. అమెరికాలో అడ్డుకునే సభ్యుడు కనీసం ప్రభుత్వాన్ని ఇబ్బంది పెడతాడు. ఇక్కడ వెల్‌లోకి దిగిన సభ్యుడు ప్రభుత్వానికి మేలు చేసి వస్తాడు. జవాబు చెప్పాల్సిన మంత్రికి సెలవు దొరుకుతుంది. ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడల కాళ్లు విరుగుతాయంటారు, ఇక్కడ విచిత్రమేమిటంటే కుమ్ములాట అయ్యాక రెండు ఆంబోతులూ క్షేమంగానే ఇంటికి వెళ్తాయి.

2023 డిసెంబరు ఇందుకు మరో నమూనా. పార్లమెంటుపై దాడి జరిగి సరిగ్గా 22 ఏళ్లు నిండిన 13వ తేదీనే ఇద్దరు యువకులు సందర్శకుల గ్యాలరీ నుంచి లోక్‌సభలోకి దూకి పసుపు పొగ వదిలారు. అధికార పార్టీ సభ్యుడి సిఫారసుతో వచ్చిన పాసులవి. హోంమంత్రి సభకొచ్చి ప్రకటన చేయాలని ప్రతిపక్షం అడిగింది. ఇంతకంటే సహజమైన కోరిక ఉండదు. ప్రకటన రాలేదు, గొడవ పెరిగింది, ఆ సమావేశాల్లో మొత్తం 146 మంది సభ్యులు సస్పెండయ్యారు. భద్రతా వైఫల్యంపై చర్చ కోరినవాళ్లు బయట ఉండగా, లోపల భద్రతకు సంబంధించిన అతి ముఖ్యమైన చట్టాలు పాసయ్యాయి: ఉగ్రవాద చర్యను తొలిసారి సాధారణ శిక్షాస్మృతిలోకి తెచ్చిన భారతీయ న్యాయ సంహిత, దానితో పాటు వచ్చిన మరో రెండు నేర చట్టాలు, జాతీయ భద్రత పేరుతో టెలికాం సేవలను ప్రభుత్వం తాత్కాలికంగా స్వాధీనం చేసుకునేందుకు వీలిచ్చే టెలికమ్యూనికేషన్ల చట్టం. వీటిలో మంచి ఉండవచ్చు. ఆ మంచిని నిలదీసి పరీక్షించాల్సిన వాళ్లు గాంధీ విగ్రహం దగ్గర కూర్చున్నారు.

ఇక్కడ ఎవరి బాధ్యత ఎక్కువ అన్న ప్రశ్నకు నేను తప్పించుకోను. సభను నడిపే సంఖ్యాబలం, తేదీలు నిర్ణయించే అధికారం ప్రభుత్వానివి. కాబట్టి మొదటి బాధ్యత దానిదే. 2022 డిసెంబరు 9న తవాంగ్ దగ్గర యాంగ్‌త్సేలో ఘర్షణ జరిగితే రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ రెండు సభల్లోనూ ప్రకటన చదివారు. వివరణ అడగడానికి కూడా ప్రతిపక్షానికి అవకాశం దొరకలేదు, వాళ్లు లేచి వెళ్లిపోయారు. మాట్లాడే దారి మూసి, అరుస్తున్నారని నిందించడం న్యాయం కాదు. అయితే దారి తెరిచి ఉన్న రోజున కూడా అరిచే ప్రతిపక్షం ఆ నిందకు తానే బలం ఇస్తుంది. పద్దుల చర్చ ఒకరు దయతో ఇచ్చేది కాదు, ఏటా నియమం ప్రకారం వచ్చేది. దాన్ని చేజేతులా వదులుకున్నాక 267వ నిబంధన కింద నోటీసులిస్తే ఎవరు పట్టించుకుంటారు?

రక్షణ విషయాలు రహస్యాలు, బహిరంగంగా మాట్లాడితే శత్రువుకు ఉపయోగం అని ఒక వాదన ఉంది. అధికారులకు ఇది చాలా ఇష్టమైన వాదన. 1962 నవంబరు 8న, చైనాతో యుద్ధం జరుగుతుండగానే, నెహ్రూ పార్లమెంటును సమావేశపరిచారు. ముందుగా సమావేశపరచమని అడిగినవారిలో యువ వాజపేయి ఉన్నారు. రహస్య సమావేశం పెడదామన్న సూచనను నెహ్రూ తోసిపుచ్చారు. వంద మందికి పైగా సభ్యులు మాట్లాడారు, ప్రభుత్వాన్ని ఉతికి ఆరేశారు. ఆ చర్చ వల్ల చైనాకు తెలియనిది ఏదీ తెలియలేదు, మనకు తెలియాల్సినవి చాలా తెలిశాయి. ఒకవేళ నిజంగా దాచాల్సినవి ఉంటే లోక్‌సభ నియమావళిలో 248వ నిబంధన రహస్య సమావేశానికి వీలిస్తూనే ఉంది.

స్థాయీ సంఘం లోతుగా చూస్తోంది కదా, సభలో మళ్లీ ఎందుకు అన్నది ఇంకో వాదన. సంఘం మంచి పనే చేస్తోంది, 2018 నివేదికే సాక్ష్యం. కానీ 31 మంది సభ్యులు మూసిన గదిలో రాసిన సిఫారసును ప్రభుత్వం ఒప్పుకోవాలన్న నియమం లేదు. సభలో మంత్రి లేచి ఎందుకు ఒప్పుకోలేదో చెప్పాల్సి వస్తేనే దానికి విలువ. మార్చి 13 నివేదికకు మార్చి 14 గిలెటిన్ జవాబైతే, 1993 నుంచీ ఈ సంఘాలను నడుపుతున్న శ్రమంతా అల్మారా పాలే.

సభ నడవాలని రెండు పక్షాలూ అనుకుంటే నడుస్తుందని 2025 జూలై చూపించింది. పహల్గాం దాడి, ఆపరేషన్ సిందూర్‌ల మీద ప్రత్యేక సమావేశం కావాలని ప్రతిపక్షం మే నెల నుంచీ అడుగుతూ వచ్చింది, ప్రభుత్వం పెట్టలేదు. వర్షాకాల సమావేశాల మొదటి వారం బిహార్ ఓటర్ల జాబితా సవరణ రగడలో కొట్టుకుపోయింది. తర్వాత 28 నుంచి 30 దాకా ఒక్కో సభకు 16 గంటలు కేటాయించి చర్చించారు. తొలిరోజు లోక్‌సభ అర్ధరాత్రి దాటేదాకా సాగింది. విమానాల నష్టం మీద, కాల్పుల విరమణ మీద సూటి ప్రశ్నలొచ్చాయి, కొన్నిటికి జవాబులొచ్చాయి, కొన్నిటికి రాలేదు. ఏ జవాబు రాలేదో దేశానికి తెలిసింది, అదీ లాభమే. ఆ మూడు రోజులు ముగియగానే మళ్లీ పాత కథ. బిహార్ ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. 120 గంటలు పనిచేయాల్సిన లోక్‌సభ 37 గంటలు పనిచేసింది. ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు ఒకే రోజు ప్రవేశించి అదే రోజు లోక్‌సభ దాటింది.

మరి ఏం చేయాలి? రాజ్యాంగ సవరణలేమీ అక్కర్లేదు. ఏ శాఖల పద్దులు చర్చకు రావాలో తేల్చేది సభా వ్యవహారాల సలహా సంఘం. రక్షణ పద్దును ఏటా తప్పనిసరిగా చర్చించే జాబితాలో పెట్టి, గిలెటిన్ రోజుకు కనీసం వారం ముందే ఆ చర్చ ముగించాలని ఆ సంఘం ఒక తీర్మానం చేస్తే సరిపోతుంది. స్థాయీ సంఘం నివేదిక ఆ చర్చకు ముందే సభ్యుల చేతికి రావాలి. బ్రిటన్ దిగువసభలో ఒక్కో సమావేశ కాలానికి 20 రోజులు ప్రతిపక్షం కోరిన అంశాలకే కేటాయిస్తారు. అందులో సగం మన దగ్గర ఇచ్చినా వెల్‌లోకి దిగాల్సిన అవసరం సగం తగ్గుతుంది. డిప్యూటీ స్పీకర్‌ను వీలైనంత త్వరగా ఎన్నుకోవాలని 93వ అధికరణ చెబుతోంది. 17వ లోక్‌సభ అయిదేళ్లూ ఆ కుర్చీ ఖాళీగానే గడిచింది, 18వ లోక్‌సభలోనూ ఇంతవరకు నిండలేదు. ఆనవాయితీ ప్రకారం ప్రతిపక్షానికి దక్కే ఆ పదవి ఇస్తే, అధ్యక్ష స్థానం మీద కాస్త నమ్మకం కుదురుతుంది.

ఇవన్నీ ప్రభుత్వం తనంతట తాను చేస్తుందని నేననుకోను. చర్చ లేకుండా పద్దు గట్టెక్కే దారి ఉన్నప్పుడు ఏ ప్రభుత్వమూ చర్చను వెతుక్కుంటూ వెళ్లదు. అడగాల్సిన వాళ్లు వేరే ఉన్నారు. ఈ లోక్‌సభలో తెలుగు రాష్ట్రాల సభ్యులు 42 మంది. ప్రభుత్వానికి మద్దతిస్తున్న 16 మంది తెలుగుదేశం సభ్యులు ఒక పక్కన, తెలంగాణ నుంచి గెలిచిన 8 మంది కాంగ్రెస్ సభ్యులు మరో పక్కన ఉన్నారు. విశాఖలో నౌకాదళానికి అయిదు సహాయక నౌకలు కట్టే 19 వేల కోట్ల ఒప్పందం 2023 ఆగస్టులో హిందుస్థాన్ షిప్‌యార్డుకు వచ్చింది. హైదరాబాద్ క్షిపణి కర్మాగారాలకు ఆపరేషన్ సిందూర్ తర్వాత పని పెరుగుతుందే గానీ తగ్గదు. 2025-26లోనే 6.81 లక్షల కోట్లకు చేరిన రక్షణ పద్దులో ఆ నౌకలకు ఈ ఏడాది ఎంత, వచ్చే ఏడాది ఎంత అని అడగడానికి పార్టీ జెండా అడ్డురాదు. సలహా సంఘంలో తమ పార్టీ ప్రతినిధి చేత ఒక్క వాక్యం చెప్పించడానికి వాళ్లకు చాలినంత సమయం ఉంది. 2029 సార్వత్రిక ఎన్నికలకు ముందు వచ్చే చివరి పూర్తి బడ్జెట్ 2028 ఫిబ్రవరిలో సభ ముందుకొస్తుంది.